జీవముగల ఎముక

చితిలో మిగిలిన ఎముకను చూచినవారు అది రాతివంటి జడపదార్థమని తలంతురు. దేహములోని ఎముక అట్టిది కాదు. అది రక్తము ప్రవహించు జీవధాతువు. విరిగిన ఎముక తిరిగి అతుకుకొనుటయే ఇందుకు తార్కాణము.

ఎముకలో రెండు ప్రధాన ద్రవ్యములు కలవు. ఒకటి కొల్లాజెన్ అను మాంసకృత్తు నారలు; రెండవది కాల్షియము, భాస్వరములతో ఏర్పడిన లవణ స్ఫటికములు. ఎముకను కొన్నాళ్లు పలుచని ఆమ్లములో నానవేసినచో లవణములు కరగి, అది రబ్బరువలె వంగును. నిప్పులో కాల్చినచో నారలు దగ్ధమై, ఆకారము నిలిచియున్నను, నలిపినంతనే పొడియగును. ఈ రెండును కూడినప్పుడే బలము.

పలుచగా అరగదీసిన ఎముక ముక్కను సూక్ష్మదర్శినిలో చూచినచో, కోసిన ఉల్లిగడ్డలోని పొరలవలె వలయములు కనబడును. ఒక్కొక్క వలయ సముదాయము సుమారు 0.2 మిల్లీమీటరు వెడల్పుగల స్తంభమునకు అడ్డుకోత. దాని నడుమ రక్తనాళములు పోవు సన్నని కాలువ యుండును. 1691లో వీనిని వర్ణించిన ఆంగ్ల వైద్యుడు క్లాప్టన్ హావర్స్ పేరిట ఇవి హావర్స్ నాళములని ప్రసిద్ధి చెందినవి. పొరపొరకు నారల దిశ మారుటచే ఎముక మెలిపెట్టినను తట్టుకొనగలదు. పొరల మధ్యనున్న చిన్న గూళ్లలో అస్థికణములు నివసించును. వెంట్రుకకంటె సన్నని మార్గములగుండ అవి ఒకదానికొకటి చేతులు చాచి పోషకములను అందుకొనుచుండును.

ఈ కట్టడము శాశ్వతము కాదు. ఒక తెగ కణములు పాత ఎముకను కొన్ని వారములలో తొలచివేయ, మరియొక తెగ కొన్ని నెలలలో ఆ గుంతను పూడ్చును. పెద్దలలో ఏటేట సుమారు పదవవంతు ఎముక ఇట్లు క్రొత్తదగును. ముట్లుడిగిన స్త్రీలలోను, వృద్ధులలోను పూడ్చుటకంటె తొలచుట మించును. ముందుగా ఏ నొప్పియు తెలియదు. చిన్న జారుపాటుకే తుంటి విరుగును.

అట్లని లవణము మితిమీరుటయు మేలు కాదు. త్రాగునీటిలో ఫ్లోరైడు అధికమైనచోట ఎముక దట్టమై, కీళ్లను బంధించు స్నాయువులు సైతము గట్టిపడి, వెన్ను కొయ్యబారును. నాటి మద్రాసు రాజధానిలో ఈ వ్యాధిని గూర్చిన వైద్యుల వర్ణన 1937లో వెలువడినది. నీటిని కాచినంత మాత్రమున ఫ్లోరైడు పోదు. కావున అట్టి గ్రామములవారు బావినీటిని పరీక్ష చేయించుకొని, సురక్షితమైన నీటినే త్రాగవలయును.

పాలు, మజ్జిగ, రాగులు, పప్పు, ఆకుకూరలు, ఒంటికి కొంత ఎండ, దినదినము నడక: ఇవియే ఈ కట్టడమునకు కావలసిన సామగ్రి. బాల్యయౌవనములలో కూడబెట్టిన ఎముకయే వార్ధక్యమున ఊతకర్ర.