ఏది ఆగుతుంది... ఏది ఆగదు?

ఎంపీసీయా, బైపీసీయా అని మాత్రమే అడిగే ఇళ్లలో ‘నాకు ఆటే కావాలి’, ‘నేను పాటలు రాస్తాను’ అనే పిల్లలూ ఉంటారు. అప్పుడు మొదలవుతుంది అసలు పరీక్ష... పిల్లలకే కాదు, పెద్దలకూ!

2001 మార్చి. పుల్లెల గోపీచంద్‌ ఆల్‌ ఇంగ్లండ్‌ బ్యాడ్మింటన్‌ టైటిల్‌ గెలిచాడు. అదే నెలలో కోల్‌కతా టెస్టులో ఆస్ట్రేలియా మీద వీవీఎస్‌ లక్ష్మణ్‌ 281 పరుగులు చేశాడు. ఇద్దరూ హైదరాబాద్‌ మైదానాల్లో రాటుదేలినవాళ్లే. ఇష్టాన్ని నమ్ముకుంటే ఎంత ఎత్తుకైనా ఎదగొచ్చని చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి? కానీ, ఆ గెలుపుల వెనక కథలు చూస్తే విషయం అంత తేలిక కాదని అర్థమవుతుంది.

లక్ష్మణ్‌ అమ్మానాన్నలిద్దరూ డాక్టర్లే. కొడుకూ ఆ దారిలోనే వెళ్లేవాడు. పదిహేడేళ్ల వయసులో వైద్యమా, క్రికెట్టా అని తేల్చుకోవాల్సి వచ్చింది. క్రికెట్‌ వైపే మొగ్గాడు... అయితే కొన్నేళ్లు గడువు పెట్టుకుని. అప్పటికీ కుదరకపోతే మళ్లీ పుస్తకాలు పట్టడమే. 1996లో టెస్టు జట్టులో చోటు దొరికింది. పుస్తకాలతో పనిలేకపోయింది.

గోపీచంద్‌ది ఇంకో కథ. అతను, అన్నయ్య ఇద్దరూ బ్యాడ్మింటన్‌ ఆడేవాళ్లు. అన్నయ్యకి ఐఐటీలో సీటొచ్చింది, ఆట ఆగిపోయింది. తమ్ముడు ఇంజినీరింగ్‌ ప్రవేశపరీక్ష తప్పాడు, ఆట మిగిలింది. ఈ సంగతి ఆయనే సభల్లో సరదాగా చెబుతుంటాడు.

సైనా, సింధులను తీర్చిదిద్దిన ఆ గురువే 2025లో తల్లిదండ్రులకు ఓ హెచ్చరిక చేశాడు. డబ్బున్న కుటుంబమో, సొంత వ్యాపారమో లేకపోతే పిల్లల్ని ఆటల్లోకి పంపొద్దన్నాడు. చాలామంది ఉలిక్కిపడ్డారు. కానీ, పతకం వచ్చిన ఒక్కరి ఫొటో పేపర్లో పడుతుంది. ముప్ఫై దాటాక అటు ఆటా లేక, ఇటు డిగ్రీ లేక మిగిలిపోయినవాళ్ల ఫొటోలు పడవు కదా!

జీతం నీడలో...

ఇష్టం కోసం ఉద్యోగం మానెయ్యాల్సిందేనా? అక్కర్లేదు. రాచకొండ విశ్వనాథశాస్త్రి విశాఖలో వకీలు. నల్లకోటు విప్పకుండానే కథలు రాశారు. ‘ఆరు సారా కథలు’లో కనిపించే పోలీసులూ, కోర్టులూ, సారా కేసులూ ఆయన వృత్తిలో రోజూ చూసినవే. వృత్తే రచనకు ముడిసరుకైంది. సిరివెన్నెల సీతారామశాస్త్రి కూడా సినిమాల్లోకి రాకముందు టెలిఫోన్‌ శాఖలో ఉద్యోగం చేసినవారే. కవిత్వం అప్పటికే ఉంది. 1986లో ‘సిరివెన్నెల’ సినిమా వచ్చాక అది వృత్తి అయింది.

ఇక్కడే ఉంది కిటుకు. రాతకి వయసుతో పనిలేదు. నలభైలోనూ మొదలుపెట్టొచ్చు, ఆఫీసు నుంచి వచ్చాక రాసుకోవచ్చు. ఆట అలా కాదు. పదిహేడేళ్ల కాళ్లు ముప్ఫైలో రావు. అందుకే ‘ఏది ఎక్కువ ఇష్టం’ అన్న ప్రశ్నకంటే ‘ఏది ఆగగలదు’ అన్న ప్రశ్న ముందు వేసుకోవాలి.

చదువుల్లోనూ అంతే. నీట్‌ రాయడానికి గరిష్ఠ వయోపరిమితిని 2022లో ఎత్తేశారు. అంటే ఆ తలుపు తెరిచే ఉంటుంది. జేఈఈ అడ్వాన్స్‌డ్‌ మాత్రం వరుసగా రెండేళ్లలో రెండుసార్లే. ఆ తలుపు మూసుకుపోతుంది. ఏ తలుపు ఎప్పుడు మూస్తారో తెలుసుకోకుండా ‘మనసు చెప్పినట్టు విను’ అనడం సలహా కాదు.

కాగితం మీద పెట్టండి!

ఇంట్లో వాదన పెరిగినప్పుడు అమ్మ, నాన్న, పిల్లలు కూర్చుని మూడు లెక్కలు వేసుకోవాలి. ఎన్నేళ్లు ప్రయత్నించాలి? అన్నాళ్లూ ఖర్చు ఎవరు భరిస్తారు? కుదరకపోతే తిరిగొచ్చే దారేది? అప్పు తీర్చాల్సిన ఇంటికీ, అద్దెలొచ్చే ఇంటికీ జవాబులు ఒకేలా ఉండవు. ఉండనక్కర్లేదు కూడా.

లక్ష్మణ్‌కు ఆ గడువు ఇవ్వగలిగిన ఇల్లుంది. అలాంటి ఇల్లు లేని పిల్లలు ముందు ఉద్యోగం వెతుక్కుంటే అది పిరికితనం కాదు. కలకు పెట్టుబడి కూడబెట్టుకోవడం. అయితే ఆ కల ఆగగలిగేదైతేనే సుమా!