కిరణచికిత్సకు పూర్వరంగము

సంస్కృత నాటకప్రయోగమునకు ముందు పూర్వరంగమని యొకటి జరుగును. భరతముని తన నాట్యశాస్త్రమున అయిదవ అధ్యాయమును దానికే కేటాయించినాడు. వాద్యములను అమర్చుట, శ్రుతులు సవరించుట మొదలైన పనులు తెరవెనుకనే ముగియును. ప్రేక్షకునకు అవి కానరావు. అయినను అవి సరిగా జరుగనిచో నాటకము రక్తి కట్టదు. వైద్యమునకును ఇట్టి పూర్వరంగము కలదు. సుశ్రుతుడు చికిత్సను పూర్వకర్మ, ప్రధానకర్మ, పశ్చాత్కర్మ అని మూడుగా విభజించినాడు. అశ్మరి, అర్శస్సు, భగందరము వంటి వ్యాధులందు రోగికి భోజనము పెట్టక శస్త్రకర్మ చేయవలెనని విధించినాడు. చికిత్సకు ముందు దేహమును సిద్ధము చేయుట, ఆ సిద్ధపాటులో రోగి కొంత కష్టమునకు ఓర్చుట నిన్న మొన్న పుట్టిన సంగతులు కావు.

ప్రోస్టేటు కాన్సరునకు చేయు కిరణచికిత్స, పూర్వరంగము పెద్దదైన చికిత్సలలో నొకటి. కిరణములు దేహములోనికి ప్రసరించునప్పుడు నొప్పి తెలియదు; వేడియైనను తగులదు. యంత్రము క్రింద పరుండి లేచుటకు పట్టు కాలము కొన్ని నిమిషములు మాత్రమే. రోగిని బాధించునది దానికి ముందు జరుగు సన్నాహము. సూది గ్రుచ్చించుకొనుట, ఎనిమా చేయించుకొనుట, కడుపునిండ నీరు త్రాగి మూత్రము బిగబట్టుకొని కూర్చుండుట, అన్యుల యెదుట నడుము క్రింద వస్త్రము తొలగించి పరుండుట అందలి అంగములు. వీనిలో నొప్పి పాలు కొంచెము. సిగ్గు పాలు అధికము. నొప్పిని మనుష్యుడు పైకి చెప్పుకొనును. సిగ్గును దాచుకొనును. ఈ చికిత్సలో ఆ దాపరికమే చేటు తెచ్చును.

ఈ గ్రంథికి తెలుగున పౌరుషగ్రంథి అను పేరు వాడుకలో నున్నది. పాశ్చాత్యుల పేరునకు మూలమైన గ్రీకు పదమునకు ‘ముందు నిలుచువాడు’ అని యర్థము. పురుషులకు మాత్రమే యుండు ఈ గ్రంథి అక్రోటుకాయంత పరిమాణము గలది. దీని ఉనికియే చిక్కులకు మూలము. పైన మూత్రాశయము, వెనుక మలాశయము, గ్రంథి నడిమినుండి పోవు మూత్రనాళము. పైగా ఈ ఇరుగుపొరుగులు ఒక్క తీరున నుండవు. మూత్రాశయము నిండును, ఒదుగును. మలాశయమున వాయువు చేరినచో అది ఉబ్బి గ్రంథిని ముందునకు నెట్టును. అట్లు జరుగునది కొన్ని మిల్లీమీటర్లే కావచ్చును. కాని వైద్యులు గ్రంథి చుట్టును అదనముగా విడుచు హద్దు కూడ సామాన్యముగా 5 మొదలు 10 మిల్లీమీటర్లే.

1895లో రాంట్‌జెన్ ఎక్సురేలను కనుగొనెను. 1898లో క్యూరీ దంపతులు రేడియమును కనుగొనిరి. ఆ తొలినాళ్ల వైద్యునకు లోపలి గ్రంథి కంటికి కనబడెడిది కాదు. విశాలమైన చోట కిరణములు ప్రసరింపజేయవలసి వచ్చెడిది. పొరుగు అవయవములకును దెబ్బ తగిలెడిది. హౌన్స్‌ఫీల్డు రూపొందించిన సి.టి. యంత్రముతో 1971లో లండనున తొలి రోగికి పరీక్ష జరిగెను. పిమ్మట దేహమును పలుచని పొరలుగా చూచి, గ్రంథి ఆకారమునకు తగినట్లు కిరణములను మలచుట సాధ్యమయ్యెను. గురి సూక్ష్మమైనకొలది, ఆ గురికి లక్ష్యమైన దేహము నిలుకడగా నుండవలసిన అవసరము హెచ్చెను. కనుక నేటి రోగి పడు ఇబ్బంది వైద్యము ముందడుగు వేయుటవలన వచ్చినదే.

2005లో అమెరికాలోని హూస్టను నగరమున ఎం.డి. ఆండర్సన్ కాన్సరు కేంద్రపు వైద్యులు 127 మంది రోగులను గూర్చిన పరిశీలనను ప్రకటించిరి. చికిత్సకు పటము గీయుటకై చిత్రము తీసిన నాడు మలాశయము ఉబ్బియున్నవారిలో వ్యాధి తిరుగబెట్టుట హెచ్చుగా కానవచ్చెను. ఒక్క దినపు దేహస్థితినిబట్టి గీచిన పటము తక్కిన దినములకు సరిపడలేదన్నమాట. ఆ రోగులకు ప్రతిదినము గ్రంథి ఉనికిని సరిచూచు ఏర్పాటు లేదు. నేడు పెక్కు ఆసుపత్రులలో అది వచ్చినది. 2016లో బ్రిటనునుండి 3,216 మంది పురుషులపై జరిగిన పెద్ద పరిశోధన ఫలితములు వెలువడెను. 37 దఫాలలో 74 గ్రేలు ఇచ్చుటకు మారుగా 20 దఫాలలో 60 గ్రేలు ఇచ్చినను చాలునని అది తేల్చెను. దఫాలు తగ్గినకొలది ఒక్కొక్క దఫా విలువ పెరుగును కదా! ఒకనాటి గురి తప్పుట మునుపటికంటె నేడు ఖరీదైన సంగతి.

కొందరికి కిరణములకు కొన్ని మాసములు ముందుగనే పురుష హార్మోనును అణచు సూదిమందు ఇత్తురు. ఈ వ్యాధి ఆ హార్మోనుపై ఆధారపడునని 1941లో నిరూపించిన చార్లెస్ హగ్గిన్సునకు 1966లో నోబెల్ బహుమానము లభించెను. మందు మేలు చేయును. కాని ఉన్నట్టుండి ఒడలంతయు ఆవిరిపట్టినట్లు వేడెక్కి చెమటలు పోయును. ఇది మందు గుణమని ముందుగా ఎవరును చెప్పనిచో రోగి వ్యాధి ముదిరినదని బెంగపడును.

మరియొక సన్నాహము బంగారు గుర్తులను నాటుట. ఇది అన్ని ఆసుపత్రులలోను, అందరు రోగులకును చేయునది కాదు. చేయునప్పుడు బియ్యపుగింజంతటి బంగారు తునకలను, సామాన్యముగా మూడింటిని, సూదిద్వారా గ్రంథిలో నుంచుదురు. మలద్వారమున అల్ట్రాసౌండు పరికరము నుంచి, అది చూపు చిత్రమునుబట్టి సూదిని నడపుదురు. చోటు మొద్దుబారుటకు మందిత్తురు. కొందరికి గ్రంథికిని మలాశయమునకును నడుమ జిగురువంటి పదార్థమును నింపి ఎడము కల్పింతురు. అది కొన్ని మాసములలో దేహముననే కరగిపోవును. సూది పనులైన పిమ్మట కొన్ని దినములు మూత్రమున నెత్తుటి జీర కనబడవచ్చును, దానికి బెదరనక్కరలేదు. జ్వరము వచ్చినను, మూత్రము బంధించినను మాత్రము తడవు చేయక ఆసుపత్రికి తెలుపవలెను. మెత్తని కండ తెలియని ఎక్సురే చిత్రమున చుక్కవలె మెరసి దారి చూపుట బంగారమునకు దక్కిన క్రొత్త గౌరవము.

తరువాతిది పటము గీయు దినము. మలాశయము ఖాళీగా నుండవలెను. కొందరికి విరేచనపు మందుతో సరిపోవును. కొందరికి చిన్న ఎనిమా అవసరమగును. సి.టి. యంత్రపు గట్టి బల్లపై రోగిని వెల్లకిల పరుండబెట్టి, మోకాళ్ల క్రింద ఆధారము నుంచి, చేతులు రొమ్ముపై పెట్టింతురు. కొన్నిచోట్ల వేడినీట మెత్తబరచిన ప్లాస్టికు పలకను కటిప్రదేశముపై పరతురు. అది వెచ్చగా, తడిగా ఒంటికి అంటుకొని, కొన్ని నిమిషములలో చల్లారి గట్టిపడి అచ్చగును. ప్రతిదినము రోగి ఆ యచ్చులోనే ఒదుగవలెను. ముందువైపున ఒకటి, ఇరుప్రక్కల రెండు చుక్కలు పెట్టుదురు. ఇవి కొన్నిచోట్ల చెరగని పచ్చబొట్లు. కొన్నిచోట్ల స్నానమున రుద్దరాదని చెప్పి పెట్టు సిరా గుర్తులు. ఒకప్పుడు పల్లెపడుచులు ముచ్చటపడి పొడిపించుకొన్న పచ్చబొట్టు ఇట్లు అరువదేండ్లు దాటిన పెద్దమనుష్యుని తుంటికి చేరినది.

ఇక నీటి సంగతి. మూత్రాశయమును ఖాళీ చేసికొని, ఆసుపత్రివారు చెప్పిన కొలతలో, సామాన్యముగా 300 మొదలు 500 మిల్లీలీటర్లవరకు నీరు త్రాగి, అరగంటయో గంటయో వేచియుండవలెను. నిండిన మూత్రాశయము చిన్నప్రేగులను పైకి తొలగించును. తనలో చాలభాగమును కూడ కిరణముల దారినుండి తప్పించును. వినుట కిది సులభమైన పనియే. కాని ప్రోస్టేటు గ్రంథి జబ్బుపడిన పెక్కుమందికి మూత్రము ఆపుకొనుటయే పెద్ద కష్టము. ఏ అవయవము చెడి ఓర్పు సన్నగిల్లినదో, దానిని బాగుచేయుటకే ఆ యోర్పును కోరవలసివచ్చుట ఈ చికిత్సలోని విడ్డూరము.

ఉద్యోగవిరమణ చేసిన ఒక ఉపాధ్యాయుని ఊహించుకొనవచ్చును. అరువదియెనిమిదేండ్ల వయసు. పల్లెనుండి బస్సులో నగరపు ఆసుపత్రికి రావలెను. దారిలో ఎక్కడ దిగవలసి వచ్చునోయను జంకుతో ఉదయమునుండి చుక్క నీరు ముట్టడు. ఎండిన దేహము, ఆసుపత్రిలో త్రాగిన నీటిని ముందు తానే పీల్చుకొనును; మూత్రాశయము సకాలమున నిండదు. ఆయన మరి రెండు గ్లాసులు త్రాగును. ఆయన వంతు వచ్చుట ఆలస్యమగును. అప్పుడు త్రాగినదంతయు ఒక్కుమ్మడిగా దిగును. బల్లమీదికి చేరునప్పటికి నుదుట చెమట పట్టును. కుమార్తె యీడుగల సాంకేతిక నిపుణురాలు వచ్చి, ‘ఆపుకోగలరా మాష్టారూ, ఇబ్బందిగా ఉందా?’ అని అడుగును. ఆయన పండ్లు బిగించి, ‘ఏం ఫరవాలేదమ్మా, కానియ్యి’ అనును.

ఆ మాటలోని పౌరుషము ఎంత ఖరీదైనదో ఆయన యెరుగడు. ఆనాడు మితిమీరి నిండిన మూత్రాశయమే పటములోని కొలత యగును. చికిత్స మొదలైన నాటినుండి ప్రతిదినము ఆ కొలత రావలెను. అది ఆయనకు సాధ్యము కాదు. ఒకనాడు మూత్రాశయము తక్కువ నిండును. చిత్రము సరిపడలేదని చెప్పి, లేచి మరల నీరు త్రాగి వేచియుండుమందురు. మరియొకనాడు మలాశయమున వాయువు కనబడును. శౌచాలయమునకు పోయి రమ్మందురు. అంతయు తన తప్పేయని ఆయన క్రుంగును. నిజమునకు వైద్యులు కోరునది అసాధ్యమైన నిగ్రహము కాదు. ప్రతిదినము ఒకే తీరున నిలుపుకొనగల నిండుదనము వారికి కావలెను. ‘ఆపుకోలేనమ్మా’ అని ఆ మొదటినాడే చెప్పియున్నచో కొంత వదలి రమ్మందురు. లేదా నీటి కొలతయో, వేచియుండు కాలమో మార్చుదురు. ముందునాటినుండి తగినంత నీరు త్రాగుచుండవలెనని బోధింతురు.

ఈ జంకునకు వేరు మన భాషలోనే కానవచ్చును. అల్పాచమానము, లఘుశంక, కాలకృత్యములు, బహిర్భూమి – ఈ పనులను చెప్పుటకు తెలుగువాడు ఎన్ని ముసుగులు కల్పించుకొన్నాడో! బడిలో బాలుడు చిటికెనవ్రేలు చూపి, ‘ఒంటికండీ’ అని నసుగును. తోడివారు నవ్వుదురు. ఒక్కొక్కచో ఉపాధ్యాయుడు కసరి కూర్చుండబెట్టును. ఆ బాలుడు పెరిగి పెద్దవాడగును, తాతయగును. ఆ చిటికెనవ్రేలి సిగ్గు మాత్రము అతనితోనే వచ్చి ఆసుపత్రి బల్లపై పరుండును. సభామర్యాదకు ఆ ముసుగులు తగినవే. వైద్యుని గదిలో అవి పనికిరావు. ‘కొంచెం ఇబ్బందిగా ఉంది’ అను మాటవలన వైద్యునకు ఏమియు తెలియదు. మూత్రమా, నొప్పియా, చలియా, సిగ్గా? ‘మూత్రం ఆగడం లేదు’, ‘విరేచనం కాలేదు, కడుపు ఉబ్బరంగా ఉంది’ అని చెప్పుట సంస్కారమునకు లోపము కాదు.

చెప్పవలసిన బాధ్యత ఒక్క రోగిదే యనుట అన్యాయము. ‘నీళ్లు తాగి కూర్చోండి’ అను ఆజ్ఞ విని, ఏలయో తెలియక కూర్చున్నవానికి ఒక్కొక్క నిమిషము ఒక యుగమగును. తాను ఓర్చుటచే తన ప్రేగులు కాపాడబడునని తెలిసినవానికి అదే నిమిషము తేలికయగును. గదిలో ఎవరెవరుందురు, ఏది ఎంతసేపు జరుగును, ఎప్పుడు ఆపుమనవచ్చును అను మాటలు మాతృభాషలో ముందుగా చెప్పుటకు అయిదు నిమిషములు చాలును. దుప్పటి కప్పుట, తలుపు మూయుట, పురుష సహాయకుడు కావలెనా యని అడుగుట ఖర్చులేని మర్యాదలు.

2001 జూలైలో, నెల్సన్ మండేలాకు 83 ఏండ్లు నిండిన దినములలోనే, ఆయనకు ప్రోస్టేటు కాన్సరు కలదని లోకమునకు ప్రకటించిరి. ఆయన ఏడు వారములు కిరణచికిత్స పొందెను. 27 ఏండ్లు చెరలో గడపిన ఆ ధీరుడు, తన దేహమున ఏ గ్రంథికి జబ్బు చేసినదో దాచుకొనలేదు. పిమ్మట పండ్రెండేండ్లు జీవించి, 2013లో 95 ఏండ్ల వయసున కన్నుమూసెను.

అట్టి ధైర్యమునకు బీజము బడిలోనే పడవలెను. దేహధర్మములు బోధించు ఉపాధ్యాయుడు అవయవముల పేర్లను గొంతు తగ్గింపక పలుకవచ్చును. చిటికెనవ్రేలు చూపిన బాలుని వెంటనే పంపవచ్చును. నవ్విన తోడివారిని మందలింపవచ్చును. ఇంట తాత ఆసుపత్రికి బయలుదేరునప్పుడు విద్యార్థి నీళ్లసీసా చేతికిచ్చి, ‘ఆపుకోలేకపోతే వాళ్లతో చెప్పెయ్యి తాతయ్యా’ అని హెచ్చరింపవచ్చును. పౌరుషగ్రంథికి జబ్బు చేసిననాడు, ఆ యొక్క మాట నోరు విప్పి చెప్పగలుగుటయే నిజమైన పౌరుషము.