గిటారు మెడ మార్చేటప్పుడు: కొలత, కొయ్య, రియాద్ పొడిగాలి

బొబ్బిలి సంప్రదాయపు ఏకాండి వీణలో కుండ, దండి ఒకే పనస దుంగ నుండి తొలిచి తీసినవి. దాని దండి వంగితే దండి ఒక్కటే తీసి మరొకటి పెట్టడం సాధ్యం కాదు, వాద్యమంతా చెడినట్లే. ఎలక్ట్రిక్ గిటారు కథ వేరు. కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్ పట్టణంలో రేడియోలు బాగుచేసే దుకాణం నడిపిన లియో ఫెండర్, 1950లో విపణిలోకి తెచ్చిన గిటారుకు మెడను జిగురుతో అతికించక నాలుగు స్క్రూలతో బిగించాడు. చెడిన భాగాన్ని విప్పి కొత్తది వేయడం రేడియో మెకానిక్కుకు సహజమైన ఆలోచన. మలాజ్‌లో కాపురముంటున్న మన కుటుంబాలలో గిటారు నేర్చుకునే పిల్లలున్నవారికి ఈ సౌకర్యం ఏదో ఒకనాడు అక్కరకు రావచ్చును. ఎందుకనగా రియాద్ గాలి కొయ్యకు హితమైనది కాదు.

కొయ్య ఎండిన తరువాత కూడా గాలిలోని తేమను పీల్చుకుంటూ, విడుస్తూనే ఉంటుంది. గాలిలో తేమ 80 శాతం ఉన్నచోట, అనగా మన కోస్తా జిల్లాల వంటి చోట, కొయ్యలో నీరు సుమారు 16 శాతం వద్ద నిలుస్తుంది. గాలి తేమ 50 శాతమైతే అది 9 శాతానికి, 10 శాతమైతే రెండున్నర శాతానికి దిగుతుంది. రియాద్ వేసవి మధ్యాహ్నాలలో గాలి తేమ పది శాతానికి చేరడం అరుదు కాదు. నీరు పోయినకొద్దీ కొయ్య ముడుచుకుంటుంది. అయితే పొడవున దాదాపు ముడుచుకోదు, అడ్డంగానే ముడుచుకుంటుంది. మెడ వెడల్పు తగ్గినా దానిలో దిగగొట్టిన లోహపు మెట్లు, అనగా ఫ్రెట్లు, తగ్గవు. అందువలన వాటి కొసలు అంచు దాటి పొడుచుకువచ్చి పిల్లల చేతికి గీసుకుంటాయి. దీనికి తోడు, మామూలు ఆరు తీగల సెట్టు శ్రుతి చేసినప్పుడు మెడను సుమారు 45 కిలోల బలంతో లాగుతుంది. అది ఇంచుమించు రెండు పాతిక కిలోల బియ్యపు బస్తాల బరువు.

అయినప్పటికీ మెడ వంగగానే కొత్తది కొనవలసిన పని లేదు. తీగల లాగుడుకు ఎదురు నిలిచేందుకు మెడ లోపల ట్రస్ రాడ్ అనే ఉక్కు కడ్డీ ఉంటుంది. ఒక తీగను మొదటి మెట్టు వద్ద ఒక చేతితో, మెడ దేహాన్ని కలిసే మెట్టు వద్ద మరొక చేతితో నొక్కిపట్టండి. అప్పుడా తీగయే తిన్నని స్కేలుబద్ద అవుతుంది. ఏడవ, ఎనిమిదవ మెట్ల దగ్గర తీగకూ మెట్టుకూ నడుమ ఒక విజిటింగ్ కార్డు దూరేటంత సందు ఉంటే మెడ క్షేమమే. సందు అంతకు మించితే కడ్డీ నట్టును పావు చుట్టు బిగించి, ఒక రోజు ఆగి, మళ్ళీ చూడవలెను. పొడుచుకువచ్చిన కొసలను సన్నని ఆకురాయితో అరగదీయవచ్చు. కడ్డీ ఇక తిరగనంతగా బిగిసినప్పుడు, లేదా తెగినప్పుడు, లేదా మెడ తాడువలె మెలితిరిగినప్పుడు మాత్రమే మార్పు తప్పదు. మెలి ఉన్నదో లేదో తల వైపు నుండి ఒక కంటితో మెడ వెంబడి చూస్తే తెలిసిపోతుంది. మరొక సంగతి: మెడ దేహాన్ని కలిసేచోట వెనుకవైపు స్క్రూలు కనబడకపోతే అది జిగురుతో అతికిన మెడ. గిబ్సన్ వారు 1952లో తెచ్చిన లెస్ పాల్ ఈ జాతిదే. అటువంటిదాన్ని ఇంట్లో విప్పరాదు.

ఇక కొనుగోలు. చాలమంది ముందు రంగు చూస్తారు, తరువాత ధర చూస్తారు. చూడవలసినది కొలత. మెడ అంటే పిడి మాత్రమే కాదు, స్వరస్థానాలు చెక్కి ఉన్న కొలబద్ద కూడా. తీగ మోగే పూర్తి పొడవును స్కేలు పొడవు అంటారు. ఫెండర్ పద్ధతి గిటార్లకు ఇది ఇరవై ఐదున్నర అంగుళాలు, అనగా 648 మిల్లీమీటర్లు. గిబ్సన్ పద్ధతిలో సుమారు 628. ఈ పొడవును 17.817తో భాగిస్తే మొదటి మెట్టు దూరం వస్తుంది. మిగిలిన పొడవును మళ్ళీ అదే సంఖ్యతో భాగిస్తే రెండవది. ఇలా పన్నెండు మార్లు చేస్తే సరిగ్గా సగం దూరం, అనగా పై స్థాయి షడ్జమం. 648కి మొదటి మెట్టు 36.4 మిల్లీమీటర్ల దూరాన పడితే, 628కి 35.2 వద్దనే పడుతుంది. ఒకదానికి చెక్కిన మెట్లు మరొకదానికి పనికిరావు. తీగ రెండవ కొసను మోసే బ్రిడ్జి, అనగా వీణలోని గుర్రం, దేహం మీద ఉంటుంది. దాన్ని జరపగలిగేది కొద్ది మిల్లీమీటర్లే. కనుక కొనేముందు పాత మెడపై మేరువు నుండి పన్నెండవ మెట్టు వరకు కొలిచి రెట్టింపు చేయండి. 324 వస్తే మీది 648 స్కేలు. వేరే స్కేలు మెడ వేస్తే ఎంత శ్రుతి చేసినా పాట అపస్వరమే. మీ దేహానికే సరిపడేలా వేరే స్కేలుతో చేసిన కన్వర్షన్ మెడలు కూడా దొరుకుతాయి గాని, నేర్చుకునే పిల్లలకు ఆ జంజాటం ఎందుకు?

రెండవ కొలత మెడ మడమది. అది దేహంలోని గాడిలో బిగుతుగా కూర్చోవలెను. ఫెండర్ తరహా గాడి వెడల్పు 56 మిల్లీమీటర్లకు కాస్త తక్కువ. చౌక గిటార్లలో ఇది ఒకటి రెండు మిల్లీమీటర్లు తేడా రావచ్చు కనుక పేరును నమ్మక కాలిపర్‌తో కొలవడం మేలు. స్ట్రాటోకాస్టర్ మడమ కొస గుండ్రన, టెలికాస్టర్‌ది చదును. బిరడాల రంధ్రాలు కొత్త రకాలకు 10 మిల్లీమీటర్లు, పాత తరహాకు సుమారు 8.7. మేరువు వద్ద వెడల్పు 42, 43 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. చిన్న చేతులకు 42 చాలు.

కొయ్య సంగతి మన ఊరికి ముఖ్యం. మెడలకు ఎక్కువగా వాడే గట్టి మేపుల్, పచ్చిదనం నుండి పూర్తిగా ఎండేసరికి, వార్షిక వలయాల వెంబడి 9.9 శాతం ముడుచుకుంటుంది. వలయాలకు అడ్డంగా 4.8 శాతమే. అందుచేత వలయాల గీతలు మెడ కొసన నిలువుగా కనబడేలా కోసిన క్వార్టర్‌సాన్ కొయ్య వెడల్పులో తక్కువ కదులుతుంది. రోస్టెడ్ మేపుల్ అనే మరొక రకం ఉన్నది. ప్రాణవాయువు దాదాపు లేని కొలిమిలో అధిక వేడికి గురిచేసిన ఈ కొయ్య తేమను తక్కువగా పీల్చి తక్కువగా విడుస్తుంది. ధర కొంత ఎక్కువైనా రియాద్‌కు నా ఓటు దీనికే. పూత లేని పచ్చి మెడలు చౌకగా వస్తాయి కాని, పూత వేయించకుండా ఇక్కడ వాడడం క్షేమం కాదు. పైపలకకు రోజ్‌వుడ్, అనగా మన జిట్రేగి జాతి కొయ్య, కోరేవారికి ఒక మాట: ఈ జాతి మొత్తం 2017 జనవరిలో అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణ కిందికి వచ్చినా, 2019 నవంబరు 26 నుండి తయారైన వాద్యాలకు, వాటి తయారైన భాగాలకు మినహాయింపు లభించింది. బ్రెజిల్ రోజ్‌వుడ్‌కు మాత్రం ఆ మినహాయింపు లేదు.

మన సంగీతం వాయించదలచిన పిల్లలకు ఇంకొక విచారణ అవసరం. వీణ మెట్లు మైనపు దిబ్బల మీద ఎత్తుగా నిలుస్తాయి కనుక తీగను పక్కకు లాగి గమకం పలికించడం సులభం. గిటారు పైపలక కొద్దిగా వంపుగా ఉంటుంది. వంపు వ్యాసార్థం ఏడుంపావు అంగుళాలైతే, తీగలు తక్కువ ఎత్తున ఉన్నప్పుడు పక్కకు లాగిన తీగ పై మెట్టుకు తగిలి మూగబోతుంది. పన్నెండు అంగుళాలైతే ఆ బాధ తక్కువ. ఎత్తైన మెట్లు మరింత అనుకూలం. పాలకొల్లులో 1969లో జన్మించి 2014లో కన్నుమూసిన ఉప్పలపు శ్రీనివాస్, ఎలక్ట్రిక్ మాండలిన్‌కు జంట తీగల బదులు ఒంటి తీగలు వేసి గమకాలు పలికించారు. 1970లలో శక్తి బృందంలో వాయించిన జాన్ మెక్లాఫ్లిన్ మెట్ల మధ్య కొయ్యను గుల్లగా తొలిచిన గిటారు వాడారు. అది వీణకు దగ్గర దారి.

మెడ ఇంటికి చేరగానే బిగించవద్దు. గిటారు ఉండే గదిలోనే ఒకటి రెండు వారాలు ఉంచండి. డెజర్ట్ కూలర్ ఉన్న గది తేమగా, స్ప్లిట్ ఏసీ ఉన్న గది పొడిగా ఉంటాయి. వాద్యాన్ని ఈ రెంటి మధ్య తిప్పరాదు. ఒక చిన్న హైగ్రోమీటరు కొని పెట్టెలో తేమ 45 నుండి 50 శాతం ఉండేలా చూస్తే చాలు. కొత్త మడమకు రంధ్రాలు లేకపోతే మెడను గాడిలో కూర్చోబెట్టి, రెండు అంచు తీగలు మెడ అంచులకు సమాన దూరంలో ఉన్నాయని చూచుకొని, గుర్తులు పెట్టి, స్క్రూ కన్న సన్నని బరమాతో తొలచవలెను. మర మీద కాస్త సబ్బు రాస్తే స్క్రూ తేలికగా దిగుతుంది. తీగలు బిగించిన మరునాడు కడ్డీని, వారం తరువాత మళ్ళీ ఒకసారి చూడండి.