అన్‌సీజన్‌లో క్యాంపర్ వ్యాన్ ప్రయాణం: ఐస్‌లాండ్ ఉదాహరణ

ఉద్దేశాలు

ఈ పాఠాన్ని చదివిన తరవాత మీరు:
- పర్యాటక రంగంలో సీజన్, అన్‌సీజన్ అనే తేడా ఎందుకు ఏర్పడుతుందో చెప్పగలుగుతారు;
- అన్‌సీజన్‌లో ధరలు తగ్గడానికీ సౌకర్యాలు తగ్గడానికీ ఉన్న సంబంధాన్ని వివరించగలుగుతారు;
- వెలుతురు, గాలి, రోడ్డు స్థితి ఆధారంగా ఒక రోజు ప్రయాణ ప్రణాళికను వేయగలుగుతారు.

1. పరిచయం

ఏ పర్యాటక ప్రదేశానికీ ఏడాది పొడవునా సందర్శకులు ఒకే సంఖ్యలో రారు. వాతావరణం, సెలవులు, పండుగలు ఇందుకు ముఖ్య కారణాలు. ఐస్‌లాండ్‌లో జూన్, జులై, ఆగస్టు ప్రధాన సీజన్. నవంబరు నుంచి మార్చి వరకు ఉండే చలికాలాన్ని అన్‌సీజన్‌గా భావించవచ్చు. 2010లో ఎయాఫ్యత్లయోకుత్ల్ అగ్నిపర్వతం పేలి యూరప్‌లో విమానాలు నిలిచిపోయిన తరవాత, ఐస్‌లాండ్ ప్రభుత్వం, పర్యాటక సంస్థలు కలిసి ప్రచారం చేపట్టాయి. ఏడాది పొడవునా రావచ్చన్న పిలుపు అందులో భాగమైంది. తరవాతి సంవత్సరాల్లో చలికాలపు సందర్శకులు బాగా పెరిగారు. ఉత్తర ధ్రువ కాంతులు వారికి పెద్ద ఆకర్షణ. వేసవిలో అక్కడ రాత్రి పూర్తిగా చీకటి పడదు కాబట్టి వాటిని చూడడం వీలుకాదు.

2. ధర తగ్గినప్పుడు ఏం తగ్గుతుంది?

పడక, పొయ్యి, హీటరు ఉన్న వాహనాన్ని క్యాంపర్ వ్యాన్ అంటారు. బస, ప్రయాణం రెండూ ఒకే అద్దెలో కలిసివస్తాయి. చలికాలంలో ఈ అద్దె వేసవి కంటే చాలా తక్కువ. అయితే ధర ఎందుకు తగ్గిందో గమనించండి. గిరాకీ తగ్గడం ఒక కారణం. ఆ కాలంలో పర్యాటకుడికి అందే సేవలు, తిరగగలిగే ప్రాంతం తగ్గిపోవడం రెండో కారణం.

ఐస్‌లాండ్ ప్రకృతి పరిరక్షణ చట్టం ప్రకారం, క్యాంపర్ వ్యాన్‌ను నిర్ణీత క్యాంపు స్థలాల్లోనే రాత్రిపూట నిలపాలి. వేరేచోట నిలపాలంటే భూమి యజమాని అనుమతి కావాలి. చలికాలంలో చాలా క్యాంపు స్థలాలు మూసివేస్తారు. రాజధాని రేక్యావిక్‌లో ఉన్నటువంటి కొన్ని మాత్రమే ఏడాదంతా తెరిచి ఉంటాయి. దేశం మధ్యలోని కొండ ప్రాంతపు రోడ్లను కూడా మూసివేసి, సాధారణంగా జూన్ లేదా జులైలో తిరిగి తెరుస్తారు. అంటే ‘ఎక్కడైనా ఆగవచ్చు’ అనే స్వేచ్ఛ కోసం వ్యాన్ తీసుకున్నవారు, ముందుగా ఏ రాత్రి ఎక్కడ ఆగాలో నిర్ణయించుకోక తప్పదు.

3. ప్రయాణాన్ని నిర్ణయించే మూడు అంశాలు

3.1 వెలుతురు: డిసెంబరు మూడో వారంలో రేక్యావిక్‌లో సూర్యుడు ఉదయం సుమారు 11.20కి ఉదయించి, మధ్యాహ్నం 3.30కి అస్తమిస్తాడు. పగలు దాదాపు 4 గంటలే. అదే సమయంలో హైదరాబాద్‌లో పగలు 11 గంటలు ఉంటుంది. మార్చి 20 ప్రాంతంలో మాత్రం రెండుచోట్లా సుమారు 12 గంటల పగలు ఉంటుంది. అందువల్ల అన్‌సీజన్ అంతా ఒకే రకంగా ఉంటుందని అనుకోకూడదు.

3.2 గాలి: ఐస్‌లాండ్ వాతావరణ సూచనల్లో గాలి వేగాన్ని సెకనుకు మీటర్లలో తెలుపుతారు. ఆ సంఖ్యను 3.6తో గుణిస్తే గంటకు కిలోమీటర్లలో వేగం వస్తుంది. ఉదాహరణకు, 20 మీటర్లు అంటే గంటకు 72 కిలోమీటర్లు. ఎత్తయిన వ్యాన్ పక్కభాగం తెరచాపలాగా గాలిని పట్టుకుంటుంది. కాబట్టి 15 మీటర్లు దాటితేనే ప్రయాణం మానుకోవడం మంచిది. వ్యాన్ ఆపి తలుపు తీసేటప్పుడు గట్టిగా పట్టుకోవాలి. గాలి తాకిడికి విరిగిన తలుపు ఖర్చును అద్దె బీమా సాధారణంగా భరించదు.

3.3 రోడ్డు: ద్వీపాన్ని చుట్టివచ్చే ఒకటో నంబరు రోడ్డు పొడవు 1,300 కిలోమీటర్లకు పైనే. ఇది 1974లో పూర్తయింది. తారురోడ్డు మీద గరిష్ఠ వేగం 90 కిలోమీటర్లు, కంకర రోడ్డు మీద 80. అయితే ఇవి మంచి స్థితిలో ఉన్న రోడ్డుకు పెట్టిన హద్దులు. మంచు గడ్డకట్టిన రోడ్డుపై అంత వేగం ప్రమాదకరం. తుపాను వస్తే అధికారులు రోడ్డును మూసివేస్తారు. రోడ్ల స్థితిని రోడ్ల శాఖ ఎప్పటికప్పుడు ప్రకటిస్తుంది.

4. ఒక ఉదాహరణ

డిసెంబరులో రేక్యావిక్ నుంచి దక్షిణ తీరంలోని వీక్ గ్రామానికి వెళ్ళాలనుకోండి. దూరం సుమారు 187 కిలోమీటర్లు. వేసవిలో రెండున్నర గంటలు చాలు. మంచు రోడ్డుపై మూడు గంటలకు పైగా పట్టవచ్చు. నాలుగు గంటల పగటిలో మిగిలేది ఒక గంట కంటే తక్కువే. దారిలో సెల్యలండ్‌స్‌ఫాస్, స్కోగఫాస్ జలపాతాలున్నాయి. తెల్లవారకముందే బయలుదేరితే కొండదారిని చీకట్లో దాటాలి. తెల్లవారాక బయలుదేరితే ఒక జలపాతాన్ని వదులుకోవాలి. భద్రత దృష్ట్యా రెండోదే సరైన నిర్ణయం. వేసవి ప్రణాళికలో దూరాన్ని లెక్కిస్తాం. చలికాలంలో ముందు వెలుతురును లెక్కించి, ఆ తరవాత దూరాన్ని అందులో ఇమడ్చాలి. గాలికోసం ఒక రోజును ఖాళీగా ఉంచుకోవడం కూడా ఈ ప్రణాళికలో భాగమే.

5. వ్యాన్‌లో రాత్రి

మూసిన వ్యాన్‌లో వెచ్చదనం కోసం వంట గ్యాస్ పొయ్యిని వెలిగించకూడదు. దాని నుంచి కార్బన్ మోనాక్సైడ్ వెలువడవచ్చు. ఈ వాయువుకు రంగు, వాసన లేవు. నిద్రలోనే ప్రాణం తీయగలదు. వ్యాన్‌కు అమర్చిన హీటరునే వాడాలి. మంచు దాని గొట్టాన్ని మూసివేయకుండా చూసుకోవాలి. అత్యవసర పరిస్థితిలో 112 నంబరుకు ఫోన్ చేయాలి.

సారాంశం

అన్‌సీజన్‌లో తగ్గిన ధర ఉచితంగా దొరికిన లాభం కాదు. సీజన్‌లో ప్రకృతి, క్యాంపు స్థలాలు, రోడ్లు సమకూర్చే సౌలభ్యాన్ని అన్‌సీజన్‌లో పర్యాటకుడు తన ప్రణాళికతో, ఓపికతో సమకూర్చుకోవాలి. ఇలా సిద్ధపడినవారికి జనసమ్మర్దం లేని జలపాతాలు, రాత్రి ఆకాశంలో ధ్రువ కాంతులు చూసే అవకాశం దక్కుతుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. సెకనుకు 25 మీటర్ల గాలి అంటే గంటకు ఎన్ని కిలోమీటర్లు? ఆ రోజు మీరు వ్యాన్‌లో బయలుదేరుతారా? కారణం రాయండి.
2. చలికాలంలో క్యాంపర్ వ్యాన్ ఇచ్చే స్వేచ్ఛ ఏయే విధాలుగా తగ్గుతుంది?
3. నాలుగో భాగంలోని ప్రయాణాన్ని మార్చి 20కి మార్చి, కొత్త ప్రణాళిక వేయండి.