మూడు ఊళ్లు, మూడు అట్టపెట్టెలు, ఒకే ఒక్క ప్లేయర్

‘మాయాబజార్’ని రంగుల్లో మాత్రమే చూసిన ఫ్రెండ్స్ నాకు బోలెడుమంది. బ్లాక్ అండ్ వైట్‌లో చూపిస్తా రండి అంటే ఫోన్ తీసి, ‘‘ఇదిగో హెచ్‌డీలోనే ఉందిగా’’ అంటారు. ఉంది. కానీ అది సరిగ్గా అదే సినిమా కాదు. 1957 మార్చిలో వచ్చిన సినిమా నిడివి మూడు గంటల పైనే. 2010 జనవరిలో రంగులద్ది మళ్లీ రిలీజ్ చేసినప్పుడు కొన్ని పాటలు, పద్యాలు తీసేశారు. పోనీ అదీ వదిలేద్దాం. పడవ పాట సంగతి చూడండి. మార్కస్ బార్‌ట్లీ కెమెరాతో పుట్టించిన ఆ వెన్నెల నలుపు తెలుపులో నీళ్ల మీద పాదరసంలా కదుల్తుంది. రంగుల్లో నాకు నీలం దుప్పటి పరిచినట్టే అనిపించింది. రంగులేసినవాళ్ల కష్టాన్ని తక్కువ చెయ్యట్లేదు. ఆ రంగులుండబట్టే మా తమ్ముడు మొదటిసారి మధ్యలో లేవకుండా చూశాడు. కానీ ఇంట్లో రెండూ ఉంటే నేను పెట్టుకునేది మాత్రం నలుపు తెలుపుదే.

ఆ నలుపు తెలుపు కాపీ నాకు రేపల్లెలో అమ్మమ్మ వాళ్ల అటక మీద దొరికింది. మూడు వీసీడీల సెట్. ఇంటికి రిపేర్లు చేయిస్తూ మావయ్య అటక ఖాళీ చేయించాడు. పాత ఇనప సామాన్ల వాడిని పిలిచి, డిస్కుల పెట్టె కూడా అతని బండి మీద పెట్టబోయాడు. ‘‘ఎవరు చూస్తారే ఇవి, ప్లేయరే లేదు’’ అని ఆయన వాదన. నిజమే, రేపల్లెలో ప్లేయర్ ఎప్పుడో చచ్చిపోయింది. తెనాలిలో మా ఇంట్లో ఇంకో పెట్టె ఉంది, ప్లేయర్ లేదు. బాపట్లలో బాబాయ్ వాళ్లింట్లో పెట్టె ఉంది, ప్లేయర్ కూడా ఉంది. ట్రే సగం బయటికొచ్చి ఆగుతుంది, వేలితో లాగాలి. లెన్స్ ముసలిదైపోయింది, కొన్ని డిస్కుల్ని అసలు గుర్తుపట్టదు. అది కూడా పోయేలోపు మూడు పెట్టెలూ చూసెయ్యాలని పెట్టుకున్నా. ఏది దాచాలో, ఏది కాపీ తియ్యాలో, ఏది నిజంగానే పారెయ్యొచ్చో చూశాకే తేల్చాలి. అందుకని ఈ వేసవంతా తెనాలి, రేపల్లె, బాపట్ల మధ్య రైళ్లలో సీడీల సంచీతో తిరిగాను.

అసలు ఇన్ని డిస్కులు ఇళ్లలో ఎలా పేరుకున్నాయంటే, ధర. అంతకుముందు ఒరిజినల్ సీడీ అంటే మధ్యతరగతి వాళ్లు ఆలోచించి కొనేవాళ్లు. 2007 ప్రాంతంలో మోజర్ బేర్ కంపెనీ వీసీడీ 28 రూపాయలు, డీవీడీ 34 రూపాయలు అని మార్కెట్లోకి దిగింది. అద్దెకు తెచ్చుకునే బదులు కొనేసుకోవడమే నయం అయింది. బస్టాండు కొట్లో కూడా వేలాడేవి. నాన్న సోడా తాగినంత తేలిగ్గా సీడీ కొనేవాడు. ఆ కంపెనీ 2018లో దివాలా తీసి లిక్విడేషన్‌కి వెళ్లింది. డిస్కులు మాత్రం అటకల మీద మిగిలాయి.

వీసీడీ ఎప్పుడూ చూడనివాళ్ల కోసం ఒక్క మాట. దాని బొమ్మ 352 బై 288 చుక్కలు. మీ ఫోన్‌లో ఫుల్ హెచ్‌డీ వీడియోలో అంతకు ఇరవై రెట్లు ఎక్కువ చుక్కలుంటాయి. ఒక డిస్కులో పట్టేది గంటా పావు, మహా అయితే గంటా ఇరవై నిమిషాలు. అందుకే మాయాబజార్ మూడు ముక్కలైంది. మా సెట్‌లో రెండో డిస్కు సరిగ్గా ఘటోత్కచుడు విందుకి కూర్చునే ముందు అయిపోతుంది. అందరూ లేచి నీళ్లు తాగి, డిస్కు మార్చి, మళ్లీ కూర్చునేసరికి ఆకలేస్తుంది. లడ్డూలు గాల్లో లేచి నోట్లోకి వెళ్లే ఆ సీన్‌కి అంతకన్నా మంచి ఇంటర్వెల్ ఎవరూ ఇవ్వలేరు.

రాజు సగం, రూథర్‌ఫర్డ్ సగం

మా తెనాలి పెట్టెలో ఎక్కువ కృష్ణ సినిమాలే. ఆశ్చర్యం ఏముంది, బుర్రిపాలెం మాకు పక్కనే. ‘అల్లూరి సీతారామరాజు’ ఆయనకు నూరో సినిమా, 1974 మే 1న విడుదలైంది, తెలుగులో మొదటి సినిమాస్కోప్. చిక్కంతా ఆ సినిమాస్కోప్‌తోనే. స్కోప్ తెర వెడల్పు ఎత్తుకి రెండుంపావు రెట్ల పైనే. పాత టీవీ దాదాపు చదరం. మా దగ్గరున్న వీసీడీ తయారుచేసినవాళ్లు బొమ్మ టీవీకి నిండుగా కనపడాలని రెండు పక్కలా కోసేశారు. లెక్క వేసి చూశాను, అలా కోస్తే తెరలో నూటికి నలభైకి పైనే పోతుంది. రాజు, రూథర్‌ఫర్డ్ ఎదురుపడే చోట మధ్యలో ఖాళీ, ఇటు ఒక ముక్కు, అటు ఒక భుజం. ఇద్దరు మనుషుల మధ్య దూరాన్ని వాడుకుని తీసిన సీన్ అది. ఆ దూరమే లేకుండా పోయింది.

ఇంతా చేసి ఆ ఇద్దరూ మా వైపు వాళ్లే. రాజు బుర్రిపాలెం, రూథర్‌ఫర్డ్‌గా వేసిన జగ్గయ్య మోరంపూడి. రెండూ తెనాలి పక్క ఊళ్లు. మన్యంలో బ్రిటిష్ వాళ్ల మీద జరిగిన పోరాటాన్ని తెరమీద తెనాలి వాళ్లిద్దరు తలపడి చూపించారన్నమాట. నా ఓటు జగ్గయ్యకి. తెల్లదొర అనగానే వచ్చీ రాని తెలుగు మాట్లాడించి నవ్వించే సినిమాలు మనకి ఎన్నో. ఈయన రూథర్‌ఫర్డ్ మాత్రం శత్రువుని గౌరవించడం తెలిసిన మనిషిలా ఉంటాడు. ఆ గొంతు బొమ్మ సగం కోసేసినా పూర్తిగానే వినిపిస్తుంది. అలాంటి మనిషి అవతల ఉండబట్టే చివర్లో రాజు పెద్దగా కనిపిస్తాడు. (అన్నట్టు, జగ్గయ్య 1967లో ఒంగోలు నుంచి లోక్‌సభకి కూడా గెలిచారు. ఆ గొంతుతో పార్లమెంటులో ఎలా మాట్లాడి ఉంటారా అని నాకొక సరదా.)

‘మోసగాళ్లకు మోసగాడు’ డీవీడీ కూడా ఉంది. 1971లో రాజస్థాన్ ఎడారికి వెళ్లి తీసిన కౌబాయ్ సినిమా. మా డిస్కులో ఎడారి బూడిద రంగులో ఉంది. 2023లో కృష్ణ పుట్టినరోజుకి 4కేలో మళ్లీ రిలీజ్ చేశారు కాబట్టి దాని గురించి నాకు దిగుల్లేదు. పట్టించుకునేవాళ్లున్న సినిమా బతుకుతుంది. దిగులంతా మిగతా వాటి గురించే.

అమ్మమ్మతో గొడవ

రేపల్లె పెట్టెలో బాగా అరిగిన డిస్కు ‘మిస్సమ్మ’. బాపట్ల నుంచి ప్లేయర్‌ని టవల్లో చుట్టి రేపల్లె తీసుకెళ్లింది ఈ ఒక్కదాని కోసమే. తెనాలి ఐతానగర్ చక్రపాణి గారి సినిమా, 1955 సంక్రాంతి ముందు విడుదలైంది. ముందు భానుమతితో కొన్ని రీళ్లు తీశారు. చక్రపాణికీ ఆమెకీ మాట పట్టింపు వచ్చి ఆమె తప్పుకున్నారు. చెల్లెలు పాత్రకి అనుకున్న సావిత్రి మేరీ అయ్యారు, ఆ చెల్లెలి పాత్ర జమునకి వచ్చింది. సావిత్రిది చిర్రావూరు, జమున పెరిగింది దుగ్గిరాలలో. అమ్మమ్మ జమున కనపడగానే ‘‘మన దుగ్గిరాల పిల్ల’’ అంటుంది, నిన్న మొన్న రైల్లో కలిసినట్టు.

మిస్సమ్మ నాకూ ఇష్టమే. ఉద్యోగం కోసం ఇద్దరు నిరుద్యోగులు మొగుడూ పెళ్లాంగా నటించాలన్న ఐడియా ఇవాళ్టి ఓటీటీ సిరీస్‌కి ఇచ్చినా సరిపోతుంది. సావిత్రి కోపం కూడా చూడండి. గట్టిగా అరవదు, పెదవి ఒకటి బిగించి పక్కకి చూస్తుంది, అంతే. నాకు నచ్చనిది ముగింపు. మేరీ అసలు మేరీయే కాదు, చిన్నప్పుడు తప్పిపోయిన జమీందారు కూతురు మహాలక్ష్మి అని కాలి మీది పుట్టుమచ్చ చెబుతుంది. అప్పటిదాకా మతం వేరనే కదా ఈ ఇద్దరి మధ్య అసలు ముడి? దాన్ని విప్పకుండా కోసేశారు. ఆమె మేరీగానే ఉండి అతన్ని చేసుకుని ఉంటే?

ఈ మాట అమ్మమ్మతో అన్నాను.

‘‘అయితే ఏమైందే? తప్పిపోయిన పిల్లకి కన్నవాళ్లు దొరికారుగా’’ అంది.

‘‘మరి పెంచినవాళ్లో అమ్మమ్మా? వాళ్ల పిల్ల పోయినట్టేగా.’’

కాసేపు మాట్లాడలేదు. డిస్కు తిరుగుతున్న చప్పుడు తప్ప ఇంకేం లేదు. ‘‘వాళ్లని ఎక్కువసేపు చూపించలా. చూపించుంటే నాకు ఏడుపొచ్చేది’’ అంది. ఇన్నేళ్లలో ఎన్నిసార్లు చూసిందో లెక్కలేదు. ఆ రాత్రి పడుకునే ముందు మళ్లీ ఆమే అంది, ‘‘ఆ పెంచినమ్మ ఎట్టా ఉందో ఏమో పాపం.’’

బాబాయ్ సినిమాలు

బాపట్ల పెట్టె గురించి త్వరగా చెప్పేస్తా, ఎందుకంటే మీకు అందులో సగం మీమ్స్ రూపంలో కంఠతా వచ్చు. ‘ఢీ’, ‘రెడీ’, ‘దూకుడు’. మూడింటి రచనలోనూ కోన వెంకట్ ఉన్నారు, ఆయనది బాపట్ల కోన వారి కుటుంబం. హీరో విలన్ ఇంట్లో దూరి, అందర్నీ వెర్రివాళ్లని చేసి, మధ్యలో బ్రహ్మానందం ఒక్కడే నలిగిపోయే ఫార్ములా. ‘రెడీ’లో మెక్‌డోవెల్ మూర్తికి ఇప్పటికీ పడీ పడీ నవ్వుతాను. వరసగా మూడూ చూస్తే మాత్రం మూడో రోజుకి మొహం మొత్తింది. ‘దూకుడు’లో తండ్రి కోసం ఒక అబద్ధపు ప్రపంచం కట్టే భాగం జర్మన్ సినిమా ‘గుడ్‌బై లెనిన్’ని గుర్తు చేస్తుంది. కామెడీ అంతా తీసేసి ఆ భాగం మీదే ఇంకో గంట నడిపుంటే నేను ఎక్కువ సంతోషించేదాన్ని. బాబాయ్ ఒప్పుకోడు. ‘‘నువ్వు చూడమాకు, నీకు చేతకాదు’’ అన్నాడు.

ఆ పెట్టె అడుగున ‘శ్రీకృష్ణతులాభారం’ దొరకడమే నాకు లాభం. 1966 సినిమా, సత్యభామగా జమున. అందులో సత్యభామకి సుశీల పాడిన పేరున్న పాట సినిమా కోసం పుట్టింది కాదు. బాపట్ల మనిషి స్థానం నరసింహారావు స్టేజీ మీద సత్యభామ వేషం కట్టి, తనే రాసుకుని పాడిన పాట. ఆడవేషాలకి ఆయన పెట్టింది పేరు, 1956లో పద్మశ్రీ వచ్చింది. జమున ఆ పాటలో నడుం తిప్పి వెనక్కి చూసే చూపు దగ్గర పాజ్ కొట్టాను. ఆ నడకలో ఎంత జమునది, ఎంత స్టేజీ సత్యభామలదో తేల్చుకోవాలంటే స్థానం వారి నాటకం వీడియో ఉండాలి. ఆయన ఏలిన రోజుల్లో కెమెరా నాటకం ముందుకి రాలేదు.

దొరకనివి

శారద తెనాలి ఆడపడుచు. మూడుసార్లు జాతీయ ఉత్తమ నటి. మలయాళంలో ‘తులాభారం’, ‘స్వయంవరం’, తెలుగులో ‘నిమజ్జనం’. మూడు పెట్టెలూ వెతికాను. ‘నిమజ్జనం’ లేదు. తెనాలిలో ఇంకా సీడీలు అమ్మే ఒక ముసలాయన్ని అడిగాను, నవ్వాడు. మా ఊరమ్మాయికి మన భాషలో జాతీయ అవార్డు తెచ్చిన సినిమాని మా ఊళ్లో కూర్చుని చూడలేకపోయాను. మాస్ హిట్లకి నాలుగేసి కాపీలున్నాయి, చూడండి.

‘తులాభారం’ తెలుగులో ‘మనుషులు మారాలి’గా వచ్చింది, అందులోనూ శారదే. అది ఉంది. లేమి ఒక ఇంటిని ఎంతదాకా తీసుకెళ్తుందో చూపించి, ఒక తల్లిని బోనులో నిలబెడుతుంది. రెండో డిస్కు మీద తెల్లటి మచ్చలు, పైన లేబుల్ పక్క గీతలు. సీడీకి కింద మెరిసే వైపు గీత పడితే చాలాసార్లు తుడిచో పాలిష్ చేసో బతికించొచ్చు. సమాచారం ఉండే పలచటి పొర లేబుల్‌కి కాస్త కిందే ఉంటుంది, అక్కడ లేస్తే ఇక రాదు. ఎవరో మార్కర్‌తో కాదు, బాల్ పెన్నుతో నొక్కి పేరు రాశారు. కోర్టు సీన్‌లో శారద మొహం నాలుగు చదరాలుగా విరిగి ఆగిపోయింది. మూడోసారికి నడిచింది. నడిచిన వెంటనే లాప్‌టాప్‌లోకి కాపీ తీసుకున్నా. వీసీడీలో డాట్ అనే పేరుతో ఉండే ఫైలు కాపీ చేస్తే చాలు, వీఎల్‌సీ ప్లేయర్ ఫోన్‌లో కూడా ఆడిస్తుంది. మీ ఇంట్లో పెట్టె ఉంటే ముందు ఈ పని చెయ్యండి. తుడిచేటప్పుడు గుండ్రంగా రుద్దకుండా మధ్య నుంచి అంచుకి తుడవండి.

ఇక ‘బలిపీఠం’. రంగనాయకమ్మ నవల, 1975లో దాసరి తీశారు, శారద, శోభన్‌బాబు. రేపల్లె పెట్టెలో కవరు ఉంది, మొదటి డిస్కు ఉంది, రెండోది లేదు. అయినా పెట్టాం. కులాలు వేరైన ఇద్దరు పెళ్లి చేసుకుని, ఇప్పుడిప్పుడే ఇంట్లో మాట తేడాలు మొదలవుతుండగా డిస్కు ఆగి నీలం తెర వచ్చింది. అమ్మమ్మ నవల చదివింది. కుర్చీ నా వైపు తిప్పుకుని, కథ అక్కణ్ణించి అందుకుని, కరెంటు పోయినా ఆపకుండా, ఎవరేమన్నారో గొంతులు మార్చి మరీ చివరిదాకా చెప్పింది. గంటన్నర పట్టింది. సినిమాలో కూడా అలాగే ఉందో లేదో రెండో డిస్కు దొరికితే గానీ తెలీదు. మీ అటక మీదేమైనా ఉందేమో ఒకసారి చూడండి.