‘ఈ చలిలో ఏసీ ఏంట్రా?’ – పొగమంచు ప్రయాణాల అపోహలు, వాస్తవాలు

భోగికి ముందురోజు, తెల్లవారుజాము. విజయవాడ హైవే మీద సూర్యాపేట దాటామో లేదో పొగమంచు కమ్మేసింది. అంతలోనే ముందు అద్దం కూడా తెల్లబడింది. వైపర్ వేశాను. ఏమాత్రం పోలేదు. పక్క సీట్లో మామయ్య మెడలోని తువ్వాలు తీసి గబగబా తుడిచాడు. రెండు నిమిషాలకు మళ్లీ అదే తెలుపు, పైగా జిడ్డు చారలు. ఇక లాభం లేదని ఏసీ బటన్ నొక్కాను.

“ఒరేయ్, ఈ చలిలో ఏసీ ఏంట్రా?”

సంక్రాంతికి ఊరెళ్లే కార్లలో తరచూ వినపడే మాటే ఇది. వైపర్ తుడిచేది అద్దం బయటివైపు. లోపల పట్టింది మా నలుగురి ఊపిరి. చల్లటి మజ్జిగ పోసిన గ్లాసుకు చెమట పట్టినట్టే, ఊపిరిలోని తేమ చల్లటి అద్దాన్ని పట్టుకుంటుంది. ఏసీ అంటే చల్లబరచడమే అనుకుంటాం గానీ గాలిలోని తేమను పిండేయడం కూడా దాని పనే. ఎండాకాలం ఆగి ఉన్న కారు కింద కారే నీళ్లు అవే. టెంపరేచర్ నాబ్‌ను ఎర్ర రంగు వైపు తిప్పి, గాలి అద్దం మీదికి వచ్చేలా పెట్టి, లోపలి గాలినే తిప్పే బటన్ ఆపేసి, అప్పుడు ఏసీ వేస్తే చలీ వేయదు, అద్దమూ తేటపడుతుంది. ఇదంతా మామయ్యకు చెప్పేలోపే కింది అంచు నుంచి దారి కనపడటం మొదలైంది. ఆయన తువ్వాలు మళ్లీ మెడలో వేసుకున్నాడు గానీ ఏమీ అనలేదు.

“హై బీమ్ వేస్తే దారి బాగా కనపడుతుంది”

మామూలు చీకట్లో నిజమే. మంచులో మాత్రం అది మన కళ్లనే పొడుస్తుంది. పొగమంచంటే గాలిలో వేలాడే సన్నటి నీటి తుంపర్లు. ఎత్తుగా పోయే వెలుగు వాటికి తగిలి చెదిరి, కొంత మన మొహం మీదికే తిరిగొస్తుంది. ఎదుట తెల్లగోడ కట్టినట్టవుతుంది. డిమ్‌లో పెట్టుకోవాలి. ఫాగ్ లైట్లను బంపర్ కింది భాగంలో పెట్టేదీ ఇందుకే. వాటి వెలుగు వెడల్పుగా, నేలను అంటిపెట్టుకుని పోతుంది.

దీనికి తోడు పసుపు పిచ్చి ఒకటి. పసుపు వెలుగు మంచును చీల్చుకుపోతుందని హెడ్‌లైట్లకు ఫిల్మ్ అంటిస్తారు. మంచు తుంపర వెలుగు తరంగం కన్నా ఎన్నో రెట్లు పెద్దది. ఆ సైజు తుంపర్ల దగ్గర తెలుపైనా పసుపైనా దాదాపు ఒకేలా చెదురుతుంది. ఫ్రాన్స్‌లో 1993 దాకా పసుపు హెడ్‌లైట్లే ఉండాలన్న నిబంధన ఉండేది, ఆ తరువాత ఎత్తేశారు. ఫిల్మ్ చేసేదల్లా ఉన్న వెలుగును కాస్త మింగడమే.

“ముందు లైటు వెలుగుతోందిగా!”

కొత్త కార్లు కొన్నవాళ్లు ఎక్కువగా మోసపోయేది ఇక్కడే. ఇంజిన్ ఆన్ చేయగానే ముందు వెలిగే సన్నటి పగటి లైట్లు చాలా కార్లలో వెనక లైట్లను వెలిగించవు. ఆటో మోడ్‌ను నమ్ముకున్నా కష్టమే. తెల్లవారాక మంచు తెల్లగా మెరుస్తుంటే సెన్సర్ దాన్ని పగలనుకుంటుంది, హెడ్‌లైట్లు వేయదు. లోపల డ్యాష్‌బోర్డు దేదీప్యమానం, వెనక లారీవాడికి మాత్రం మనం లేనట్టే. స్విచ్ చేత్తో తిప్పి వేసుకోవాలి.

నాలుగు ఇండికేటర్లూ వేసుకుని నడపడం ఇంకో అలవాటు. అవి ఆగిన బండి గుర్తు. నడుస్తూ వేస్తే ఆగామో కదులుతున్నామో వెనకవాడికి అంతుపట్టదు. పైగా చాలా కార్లలో అవి ఆన్‌లో ఉండగా పక్కకు తిరిగే ఇండికేటర్ పనిచేయదు.

“ముందు లారీ ఎర్ర లైటు పట్టుకుని పోతే చాలు”

ఎర్ర లైటు కనపడాలంటే దానికి అతుక్కుని పోవాలి. లెక్క చూడండి. గంటకు 80 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 22 మీటర్లు. ప్రమాదం కంటపడి కాలు బ్రేకు మీదికి వెళ్లేసరికి సెకనున్నర అనుకున్నా 33 మీటర్లు పోతుంది. పొడి రోడ్డు మీద గట్టి బ్రేకుతో ఆగడానికి ఇంకో 35. మొత్తం 68 మీటర్లు. కనపడేది 40 మీటర్లే అయితే? 50 వేగంలోనైతే సుమారు 35 మీటర్లలో ఆగుతాం, అదీ పొడి రోడ్డయితేనే. మంచుకు తారు తడిసి ఉంటే ఇంకా తగ్గించాలి. లారీ లైటును వదిలేసి, రోడ్డు ఎడమ అంచు గీతను చూసుకుంటూ పోవడం మేలు.

ఇక బండి సంగతులు. స్టార్ట్ చేసి పది నిమిషాలు వేడెక్కనివ్వాలన్నది చోక్ లాగి సెల్ఫ్ కొట్టిన అంబాసిడర్, పద్మినీల కాలం మాట. ఇప్పటి ఇంజిన్లకు అర నిమిషం చాలు, మొదటి రెండు మూడు కిలోమీటర్లు రేస్ చేయకుండా నడిపితే సరి. చలికి బ్యాటరీ చచ్చిందంటారు. నిజానికి దాన్ని తినేసేది మే నెల ఎండ. చలికి ఆయిల్ చిక్కబడి సెల్ఫ్ మోటార్‌కు బలం ఎక్కువ కావాల్సి వచ్చినప్పుడు ఆ సంగతి బయటపడుతుంది, అంతే. పట్టు కోసం టైర్లలో గాలి తగ్గించడం శుద్ధ తప్పు. ఆరు డిగ్రీలు చల్లబడితే ఒక పాయింటు దానంతటదే తగ్గుతుంది. పొద్దున్నే, బండి కదలకముందు చూసుకుని డ్రైవర్ డోరు దగ్గరి స్టిక్కర్‌లో ఉన్నంత కొట్టించాలి. కూలెంట్ ఎండాకాలానికే అనుకుని ఉత్త నీళ్లు పోస్తే రేడియేటర్ తుప్పు పడుతుంది.

“ఏమీ కనపడకపోతే పక్కకు తీసి ఆపేద్దాం”

ఇదొక్కటీ మామయ్య కాదు, నేనే అన్నాను. “పక్కన కాదురా, ఏదైనా లోపలికి తీయి” అన్నాడాయన. ఆయన మాటే నిజం. రోడ్డంచున ఆగిన బండిని వెనకవాడు దారి అనుకుని వచ్చి గుద్దేస్తాడు. ఢాబా, పెట్రోల్ బంకు, టోల్ గేటు దాటాక ఖాళీ జాగా, ఏదో ఒకటి దొరికేదాకా నెమ్మదిగా పోవాలి. బండి చెడి ఆగక తప్పకపోతే, నాలుగు ఇండికేటర్లూ వేయాల్సింది అప్పుడు. డిక్కీలో కవర్ కూడా విప్పని ఎర్ర త్రికోణాన్ని వెనక దూరంగా పెట్టి, అందరూ దిగి రోడ్డుకు ఎడంగా నిలబడాలి.

కోదాడ ఇవతల ఓ ఢాబాలోకి తిప్పాను. ఎనిమిది దాటాక మంచు విడిచింది. మేం వచ్చిన వైపు, రెండొందల గజాల దూరంలో రోడ్డంచున ఇనుప చువ్వల లారీ ఒకటి. వెనక లైటు లేదు. చువ్వలు బాడీ దాటి మూరెడు బయటికి ఉన్నాయి. దాని పక్కనుంచే వచ్చాం, ఇద్దరమూ చూడలేదు.

మామయ్య ఇంకో టీ చెప్పాడు.