పది యుద్యోగముల లెక్క

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల, ధర్మపురి ప్రాంతముల వారికి పరదేశయానము క్రొత్తది కాదు. మన మగవారు మొదట బొంబాయి, భీవండీలకును, పిమ్మట దుబాయి, మస్కటులకును పోయిరి. వారందఱు కూలికై పోయినవారు. ఇప్పుడు కలిగిన కుటుంబములలో వేరొక మాట వినవచ్చుచున్నది. ధనముతోనే పోవచ్చునట! అమెరికాలో పెట్టుబడి పెట్టినవానికిని, అతని భార్యకును, ఇరువదియొక్క యేండ్లలోపు వయసుగల పెండ్లికాని బిడ్డలకును అక్కడ స్థిరనివాసపు హక్కు నిచ్చెదరు. దీనికి ఇ.బి.-5 అని పేరు. పొలములమ్మి పంపుదమను ఆలోచన ఇంటిలో పుట్టినప్పుడు గృహిణి దీని కీలకమును తెలిసికొనుట అవసరము. ఆ కీలకము ధనములో లేదు, ఉద్యోగముల లెక్కలో నున్నది.

ఈ పద్ధతిని అమెరికా శాసనసభ 1990లో ఏర్పఱచినది. 2022 మార్చిలో సవరించిన చట్టము పెట్టుబడిని 10,50,000 డాలర్లుగా నిర్ణయించెను. పల్లెప్రాంతములందును, నిరుద్యోగము దేశపు సగటుకు ఒకటిన్నర రెట్లున్న చోట్లను 8,00,000 డాలర్లు చాలుననెను. ఈ రెండవ మొత్తమే మన రూపాయలలో ఏడు కోట్లకు అటునిటుగా నుండును. అయితే సొమ్ము పెట్టినంతమాత్రమున పని తీఱదు. ఒక్కొక్క పెట్టుబడిదారుని వలన పదిమందికి పూర్తికాలపు ఉద్యోగములు కలుగవలెను. మొదట రెండేండ్లకు మాత్రమే షరతుతో కూడిన హక్కు నిచ్చి, ఆ గడువు తీఱునప్పుడు ఉద్యోగములు చూపుమందురు. చూపలేనిచో భార్యాబిడ్డల హక్కు కూడ పోవును.

ఉద్యోగమనగా నేమి? వారమునకు ముప్పదియైదు గంటలకు తక్కువగాని పని. అదియు ఏడాది పొడవున నిలుచునది. 2015 గోదావరి పుష్కరములకు మన ధర్మపురిలో పందిళ్లు వేసినవారు, వంటలు చేసినవారు, పడవలు నడపినవారు ఎందఱో యుందురు. పండ్రెండు దినముల పని గనుక ఆ లెక్క ప్రకారము వారిలో ఒక్కరును ఉద్యోగి కారు. 2017 మొదలు కొన్నియేండ్లు సిరిసిల్ల మరమగ్గములపై బతుకమ్మ చీరలు నేసిరి. నేత సాగిన నెలలలో చేతినిండ పని, ఆగిన నెలలలో మగ్గము మూగ. ఈ పనియు ఆ లెక్కకు రాదు.

పెట్టుబడిదారుడు దుకాణము పెట్టి తానే నడపినచో, అతడుగాని, భార్యగాని, కొడుకులు కూఁతుండ్రుగాని చేయు పనిని ఉద్యోగముగా నెన్నరు. తాత్కాలిక వీసాపై అక్కడ కొలువు చేయుచున్న మన పిల్లలను పనిలో పెట్టుకొన్నను లెక్కింపరు. ఆ దేశపు పౌరులో, శాశ్వత నివాసులో, అట్టి హక్కుగల మఱికొందఱో కావలెను. భర్త అంగడిలో తెల్లవారినది మొదలు ప్రొద్దుగ్రుంకువఱకు కూర్చుండు ఇల్లాలి పని అక్కడ కూడ పనిగా నెన్నఁబడదన్న మాట! సిరిసిల్లలో కండెలు చుట్టు స్త్రీలును, కోరుట్లలో తునికాకు కత్తిరించి వేయి బీడీలకింత యని కూలి పుచ్చుకొను స్త్రీలును గంటల చిట్టా వ్రాయువారు కారు. ఇంట బీడీలు చుట్టువారిని సయితము పనివారుగా నంగీకరించిన చట్టము మన దేశమున 1966లో వచ్చినది. ఆ విషయమున మనవారే ఒక యడుగు ముందున్నారని నా యభిప్రాయము.

ఇంత కఠినమైన నిర్వచనము ఒకవైపున నుండగా, రెండవవైపున మిక్కిలి విశాలమైన ద్వారము గలదు. చాలమంది తమ సొమ్మును స్వయముగా వ్యాపారమున పెట్టక, ప్రాంతీయ కేంద్రములను సంస్థల ద్వారా పెట్టుదురు. అట్టిచోట పదిమంది పేర్లు చూపనక్కఱ లేదు. ఇంత సొమ్ము ఖర్చయినది గనుక ఇన్ని యుద్యోగములు కలిగియుండునని గణితము చేసి చూపవచ్చును. మనమొక యిల్లు కట్టించితిమనుకొనుడు. తాపీపనివారికి నేరుగా పని దొరకును. ఇటుకబట్టీలోను, సిమెంటు అంగడిలోను కలుగు పని పరోక్షము. ఆ తాపీపనివాడు తన కూలితో భార్యకు చీర కొనగా అంగడివానికి కలుగు పని ప్రేరితము. ఏ రంగమునుండి ఏ రంగమునకు ఎంత సొమ్ము ప్రవహించునో పట్టికగా వ్రాయు విధమును వాసిలీ లియోంటీఫ్ అను పండితుడు నిర్మించి 1973లో నోబెల్ బహుమానమందెను. ఆ పట్టికనుండి గుణకమును తీసి ఖర్చును దానితో హెచ్చింతురు. పదింట తొమ్మిది ఉద్యోగములవఱకు ఇట్లు పరోక్షపు లెక్కవే కావచ్చునని చట్టము. కట్టడపు పని రెండేండ్లకు లోపల ముగిసినచో కాలమునుబట్టి తగ్గింతురు. ఏడాది జరిగిన పనికి సగము లెక్క.

గణితమును నేను తప్పుపట్టను. సిమెంటు అంగడివాని పని నిజమైన పనియే. నాకు వింతగా తోచునది వేఱొకటి. ఒక హోటలు కట్టుటలో బ్యాంకుల సొమ్ము, యజమానుల సొమ్ము, మనవారి సొమ్ము కలసియున్నను, కలిగిన యుద్యోగములన్నిటిని విదేశపు పెట్టుబడిదారుల ఖాతాలోనే వేయవచ్చును. పెండ్లివిందుకు ఒక గిన్నెడు పచ్చడి తెచ్చిన చుట్టము విందంతయు తనదే యన్నట్లున్నది! 2015లో ఆ దేశపు ప్రభుత్వ తనిఖీ సంస్థయే ఈ పద్ధతి ఫలితములను పరీక్షించి, మనిషికి కనీసముగా చట్టము కోరిన పది చొప్పున హెచ్చించి చెప్పు మొత్తము నమ్మదగినది కాదని వ్రాసెను. అసలు సంఖ్య ఎక్కువగా నుండవచ్చును, తక్కువగా నైన నుండవచ్చును.

గుణకము మంచిదైనను, ఖర్చు జరుగనిదే అది పలుకదు. వెర్మాంటు రాష్ట్రమున జే పీక్ అను మంచుక్రీడల విడిదిలో కొందఱు పెట్టిన సొమ్మునకు హోటళ్లు లేచినవి. న్యూపోర్టులో కట్టెదమన్న జీవవైద్య కర్మాగారము మాత్రము లేవలేదు. పెట్టుబడిదారుల సొమ్ము దారి మళ్లినదని 2016లో ప్రభుత్వాధికారులు న్యాయస్థానమునకెక్కిరి. 2022లో యజమానికి అయిదేండ్ల శిక్ష పడెను. కట్టని కర్మాగారమునకు ఉద్యోగములెక్కడివి? దానిలో సొమ్ము పెట్టిన కుటుంబములకు ధనమును, నివాసపు హక్కును రెండును సందేహములో పడినవి.

మన రిజర్వు బ్యాంకు నియమము ప్రకారము ఒక్కొక్కరు ఒక ఆర్థిక సంవత్సరమున 2,50,000 డాలర్లవఱకే పంపవచ్చును. ఎనిమిది లక్షలు ఒకే యేట పోవలెనన్న నాలుగు పేర్లు కావలెను. ఇల్లాలి పేరు, పెద్దల పేర్లు ఇట్లే కాగితములకెక్కును. మీ సంతకము కోరినప్పుడు మూడు సంగతులు అడుగుడు: ఇందఱు పెట్టుబడిదారులకు తలకు పది చొప్పున పోను ఎన్ని యుద్యోగములు మిగులునట్లు లెక్క వేసిరి? ఆ ఖర్చులో నేటివఱకు నిజముగా జరిగినదెంత? పని ఆగినచో మిగిలినది పూర్తిచేయుటకు సొమ్మెవరిది? అసలు తప్పక తిరిగివచ్చునని వ్రాసియిచ్చెదమను దలాలి మాట వినకుడు. పెట్టుబడి నష్టభయమునకు లోబడియుండవలెనని చట్టము గనుక, అట్టి హామీ పత్రమే దరఖాస్తును చెఱచును.